ఓటికుండ చుట్టిన ఓటుండ

మీ ఇంటి పెళ్లిలో లడ్డూ నోట్లో వేసుకునే ముందు, దాన్ని చుట్టిన చెయ్యి ఎవరిదని ఎప్పుడైనా అడిగారా? అడగలేదని తప్పించుకోకండి. మీరు నోరు తెరిచి అడిగి ఉండకపోవచ్చు. మీ అమ్మమ్మ అడిగింది, మీ పురోహితుడు అడిగాడు, వంటశాల గుమ్మంలో పీట వేసుకు కూర్చున్న మీ పెద్దత్త అడిగింది. పనికిరావనుకున్న చేతుల్ని వాళ్లు ఏరి పెరట్లోకి పంపేశాకే ఆ పళ్లెం మీ ముందుకు వచ్చింది. మీరు తిన్నారు, బాగుందన్నారు, చెయ్యి తుడుచుకున్నారు.

పోయిన వారం పలాస స్టేషన్లో రైలు దిగాను. వెదురుబుట్ట నెత్తిన పెట్టుకున్న మనిషొకడు "ఓటుండలు! ఉద్దానం ఓటుండలు!" అని కేక పెడుతూ నా ముందు నుంచి పోతున్నాడు. చేతిలో సంచీ కింద పెట్టేసి వాణ్ణి ఆపాను.

"ఓటుండ అంటే ఏమిటయ్యా?"

"ఓటుండంటే ఓటుండే బాబూ. కొబ్బరి కోరు, బెల్లం పాకం, నెత్తిమీద జీడిపప్పు బద్ద. ఇది లేకపోతే మా కాడ పెళ్లి పెళ్లి కాదు."

"ఆ పేరెలా వచ్చింది?"

"ఏదో ఊరి పేరై ఉంటాది. తీసుకోండి బాబూ, శుభానికి మంచివి. ముత్తయిదువులు మడి కట్టుకుని సుట్టినవి."

ముత్తయిదువులట! నాకు నవ్వొచ్చింది. పక్కనున్న కూలీ మూట దించుకుని మరీ నాకేసి చూసేంత నవ్వొచ్చింది. నవ్వు ఆగేసరికి ఒళ్లు మండింది. ఆ ఉండని మొదట చుట్టిన మనిషి పోయి ఏడాది కావస్తోంది. ఆవిడ ముత్తయిదువ కాదు. కాకపోవడం వల్లనే ఓటుండ పుట్టింది. బుట్టలో ఉన్నవన్నీ కొనుక్కున్నాను. ఒకటి వాడి చేతిలో పెట్టి, "తిను, చెబుతాను" అన్నాను. వాడికి సగం చెప్పేలోపు రైలు కూత వేసింది, వాడు ఎక్కిపోయాడు. మిగతాది మీకు చెబుతున్నాను.

మందసకీ సముద్రానికీ మధ్య, జీడితోటల ఇసుకలో ఉన్న ఒక ఊళ్లో నేను బోర్డు స్కూలు మాష్టరుగా పని చేసిన రోజులవి. స్కూలుకి ఎదురుగా తాటాకు చూరు కింద ఆవిడ కొట్టు. ఊరంతా ఆవిణ్ణి అప్ప అని పిలిచేవారు. అంటే ఆ ప్రాంతంలో అక్క. ఆవిడ కన్నా పెద్దవాళ్లు కూడా అప్పే అనేవారు. నేనూ అదే అన్నాను.

పొడుగాటి మనిషి. నవ్వితే ముందు భుజాలు కదిలేవి, శబ్దం తర్వాత వచ్చేది. చేతులు ఎప్పుడూ తడిగా ఉండేవి. పిండి ముట్టుకునే ముందు కడిగేది, ముట్టుకున్నాక కడిగేది, మాట మధ్యలో గుర్తొచ్చినా కడిగేది. కారపుండ చుట్టేటప్పుడు ఉండని చూసేది కాదు, కొనేవాడి మొహం చూసేది. మొహాన్ని బట్టి ఉండ. చిరాగ్గా వచ్చినవాడికి మెత్తగా, పెద్దగా. వసపిట్టలా వాగేవాడికి గట్టిగా నొక్కి చుట్టినది. అది నములుతున్నంత సేపూ నోరు మూసుకుని ఉంటాడని. నాకెప్పుడూ గట్టివే వచ్చేవి.

ఆవిడ నోట ఎప్పుడూ ఆడే మాట ఒక్కటే: "తిని సెప్పు." అప్పా, ఈ జంతిక కరకరలాడుతుందా అని ఎవరైనా అడిగితే, తిని సెప్పు. అప్పా, నూనె కొత్తదేనా? తిని సెప్పు. స్కూలు అరుగు మీద నాకూ పురోహితుడికీ వారం వారం వాదం జరిగేది. ఆత్మ ఉందా, గ్రహాలకు మన మీద పగ ఉందా, విధవ ఎదురొస్తే బండి ఎందుకు ఆపాలి, ఇవీ మా విషయాలు. ఆవిడ ఎదురుగా కొబ్బరి కోరుతూ వినేది. గొంతులు బొంగురుపోయే వేళకి ఒక ఆకులో ఏదో పెట్టి తెచ్చేది.

"ఇద్దరూ బాగా అరిసినారు. ఇంద, తిని సెప్పండి, ఎవులు గెలిసినారో."

పురోహితుడు కారం ఉంటే తీసుకునేవాడు. తీపి ఉంటే కండువా సర్దుకుని లేచిపోయేవాడు. ఆయన వాటా నేను తినేవాణ్ణి. అలా వాదంలో కాకపోయినా తిండిలో చాలాసార్లు ఆయన్ని ఓడించాను.

కారానికీ తీపికీ ఈ తేడా ఏమిటని మీకు అనుమానం రావాలి. నాకూ వచ్చింది. ఆవిడ పుట్టిందీ మెట్టిందీ మిఠాయిలే కులవృత్తిగా ఉన్న కుటుంబాల్లో. భర్త బతికున్న రోజుల్లో మందస నుంచి సముద్రపు ఒడ్డు దాకా ఏ పెళ్లికైనా ఆవిడ చేతి లడ్డూయే. భర్త పోయాడు. మర్నాటి నుంచి ఆ చేతి తీపి ఎవరికీ పనికిరాలేదు. తీపి శుభం కదా! జంతికలూ పకోడీలూ శుభం కావు గనక వాటికి దోషం లేదు. ఒకే మనిషి, ఒకే మూకుడు, ఒకే పొయ్యి. ఉప్పు వేస్తే తినవచ్చు, బెల్లం వేస్తే తినకూడదు. ఈ శాస్త్రం ఏ రుషి ఏ మూకుడు ముందు కూర్చుని కనిపెట్టాడో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఆయన పోయినప్పుడు పోయింది ఆయన. నా సేతులు పోలేదు కదేటి మాష్టారూ" అనేది. అని నవ్వేది. ముందు భుజాలు, తర్వాత శబ్దం.

నవ్వకుండా చెప్పిన మాట ఒకటే ఉంది. ఆవిడ మరిది కూతురికి పెళ్లి కుదిరింది. ఆ పిల్లకి పురిట్లోనే తల్లి పోయింది. పెంచింది ఈవిడే. మాఘమాసంలో ముహూర్తం. ఆ రోజు కొట్టు ముందు నిలబడి నేను మాట వరసకి, "అయితే లడ్డూలు నీవే కదా అప్పా" అన్నాను. కోరుతున్న కొబ్బరి చిప్ప పక్కన పెట్టింది.

"ఇచ్చాపురం నుంచి వంటోళ్లని తెప్పిత్తాడట మా మరిది. పాకం పట్టే రోజు నన్ను పెరట్లో గదిలో ఉండమన్నాడు. మా గుంటకి, నా పిల్లకి, తల దువ్విన సెయ్యి ఇది. జొరమొత్తే నుదుటి మీద ఉన్నది ఈ సెయ్యే. లడ్డుకి మాత్రం పనికిరాదట."

అంతే. మళ్లీ చిప్ప తీసుకుంది. ఆవిడకి ఆస్తి అక్కర్లేదు, గౌరవాలు అక్కర్లేదు. ఆ పిల్ల పెళ్లికి తన చేత్తో లడ్డూ చుట్టాలి. ఆవిడ కోరినదంతా అదే.

ఆ పెళ్లికి ముందు వచ్చింది ఎన్నిక.

సర్కారు పంచాంగం చూడలేదు. సరిగ్గా పుష్యమాసంలో, మనవాళ్లు శూన్యమాసమని ఏ శుభకార్యమూ తలపెట్టని రోజుల్లో, ఓట్లు వెయ్యమంది. శిస్తు కట్టే రైతులకే ఓటు. పేర్లు చదవలేనివాళ్లు ఎక్కువ గనక పెట్టెలకు రంగులు వేశారు. మా ఊరి భూస్వామిని అక్కడివాళ్లు బుగత అంటారు. ఆయనది ఎర్రపెట్టె. టెక్కలి వకీలుది పసుపుపెట్టె. వకీలు మా సంస్కరణ సభలకు వచ్చి మాట్లాడేవాడు. నేను ఆయన మనిషిని. దాచుకోవలసిన పని లేదు.

బుగత గారి ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. ఆయన తల్లికి మా అప్ప ఎదురుపడితే చాలు, ఎడ్లబండి వెనక్కి తిప్పించేది. "ఓటికుండ ఎదురొచ్చింది, ఇంటికి పోనీ" అని అందరికీ వినపడేలా అరిచేది. ఓటికుండ అంటే చిల్లిపడిన కుండ. నీళ్లు నిలవవు, వాకిట్లో పెట్టరు. ఆ పేరు ఆ వీధిలో స్థిరపడిపోయింది.

అలాంటి ఇంటి నుంచి, ఎన్నికల తడాఖా చూడండి, బుగత గారి మేనల్లుడు ఒక పొద్దున్నే అప్ప వాకిట్లోకి వచ్చి దణ్ణం పెట్టాడు. ఆవిడకు ఓటు లేదు. అదే ఇంట్లో ఉన్న ఆవిడ మరిదికి ఉంది. అతను పొలానికి వెళ్లాడు. మేనల్లుడు అరుగు మీద కూర్చుని, ఆవిడ ఇచ్చిన మంచినీళ్లు తాగి, "అప్పా, ఆరోగ్యం బాగుందా" అని అడిగి వెళ్లాడు. మధ్యాహ్నం వకీలు మనుషులు వచ్చారు. సాయంత్రం మళ్లీ బుగత మనుషులు.

వారం రోజులు ఇదే వరస. తర్వాత ఒకనాడు స్కూలు విడిచాక అప్ప నన్ను కేకేసింది.

"మాష్టారూ, ఓ వింత సూసినారా? ఈ వారం రోజులూ నేను ఎదురొత్తే ఎవుడూ ఎనక్కి తిరగలేదు. బుగత గారి బండి కూడా ఆగి, పక్కనుంచి పోయింది. ఎనక్కి తిరిగితే మా మరిది ఓటు పోతాదని బయ్యం. పెళ్లికి మైల ఉంది, పేరంటానికి మైల ఉంది. ఓటుకి మైల లేదు!"

నేను ఆవిడ కొట్టు ముందు అరగంట ఉపన్యాసం ఇచ్చి ఉండేవాణ్ణి, ప్రజాప్రభుత్వం అంటే ఏమిటో. ఆవిడ వినే స్థితిలో లేదు. కళ్లు ఎక్కడో ఉన్నాయి.

"ఇదీ ఒక పండగే కదేటి. జనం తిరుగుతున్నారు, అరుత్తున్నారు, కొత్త బట్టలు కడుతున్నారు. ముహూర్తం లేదు, మంత్రం లేదు. ఏ పండగకైనా ఓ తీపి ఉంటాది. దీనికి లేదు. నేను పెడతాను."

"కొంటారంటావా?"

"ఎర్రది బుగతకి. పసుపుపచ్చంది వకీలుకి. ఎవుడి ఉండ ఆడు తింటాడు. తీపని కొనరు, పంతానికి కొంటారు."

"పేరేం పెడతావు?"

భుజాలు కదలడం మొదలైంది. "పేరు జనం ఎప్పుడో పెట్టేసినారు కదా. ఓటికుండ. అందులో 'క' ఒక్కటీ పీకేత్తే సరి. ఓటి... ఉండ. ఓటుండ!"

అప్పుడు వచ్చింది శబ్దం. కొట్టు చూరు మీది కాకి లేచిపోయింది. నేను గోడకి చేరబడి నవ్వాను. ఎన్ని సభల్లో ఎన్ని వాగ్ధాటులు విన్నాను! తన మీద వేసిన తిట్టులోంచి ఒక్క అక్షరం పీకి, దాన్ని బెల్లంలో ముంచి, తిట్టినవాళ్లకే అమ్మిన మనిషిని మరొకర్ని చూడలేదు.

ఓటుండలు మూడు రంగులు. ఎరుపు, పసుపు. మూడోది రంగు వెయ్యని తెల్ల కొబ్బరి ఉండ, పంచదారది. "ఇదెవరికి అప్పా?" అంటే, "ఇంకా తేలనోళ్లకి" అంది. మూడింటి మీదా జీడిపప్పు బద్ద పెట్టి బొటనవేలితో నొక్కేది. నిశానీ వేసినట్టు ఆ వేలిగుర్తు ఉండ మీద మిగిలిపోయేది.

మొదటి రోజు ఎవరూ రాలేదు. రెండో రోజు బుగత మనుషులు వీధిలో నిలబడి, "ఒరే, వకీలుగాడి ఉండలు కొంటున్నార్రా ఎవుడైనా?" అని అడిగారు. వకీలు మనిషి ఒకడికి రోషం వచ్చింది. వచ్చి పసుపువి ఆకునిండా కొన్నాడు. అది చూసి వాళ్లు ఎర్రవి. ఆ సాయంత్రానికి మూకుడు ఖాళీ. అందరూ తిన్నారు. తీపి తిన్నారు! విధవ చుట్టిన తీపి! ఒక్కడికీ మైల గుర్తు రాలేదు. ఏళ్ల తరబడి నేను అరుగు మీద అరిచి చెయ్యలేకపోయిన పని రెండు రంగులు చేశాయి.

ఏ రంగు ఎక్కువ పోతే వాడు గెలుస్తాడని నేను లెక్క కట్టబోయాను. అప్ప నవ్వింది.

"అలా తేలదు మాష్టారూ. బుగత మనుషులు ఇప్పుడు పచ్చవి కొంటన్నారు."

"ఎందుకు?"

"వకీలుని నమిలెయ్యడానికి."

నిజమే. వీధి చివర బుగత గారి జీతగాళ్లు పసుపు ఉండ ఒక్కొక్కటే నోట్లో వేసుకుని, "ఇది ఆడి కాలు, ఇది ఆడి కోటు" అనుకుంటూ నములుతున్నారు. వకీలు మనుషులు ఊరుకుంటారా? బుగత గారి మీసం ఎవరికి, బొజ్జ ఎవరికి అని ఎర్ర ఉండలు పంచుకున్నారు. తెల్లవి మాత్రం చాటుగా, పొలం నుంచి వచ్చే దారిలో, ఎవరూ చూడకుండా కొనేవారు. అన్నిటికన్నా ఎక్కువ పోయినవి అవే.

ఓట్ల రోజు వచ్చింది. మా స్కూలే ఓట్లు వేసే చోటు. టెక్కలి నుంచి వచ్చిన ఆఫీసరు నన్ను సాయానికి ఉండమన్నాడు. పొట్టిగా, ఎప్పుడూ చెమటతో ఉండే మనిషి. నిబంధనల పుస్తకం చంకలో పెట్టుకునే నీళ్లు తాగేవాడు. లోపల తెర కట్టి దాని వెనక రెండు పెట్టెలు పెట్టాం. ఓటరు బయట కాగితం తీసుకుని, తెర వెనక్కి వెళ్లి, తనకి నచ్చిన రంగు పెట్టెలో వేసి రావాలి. బుగత తరపున ఆయన మేనల్లుడు ఏజెంటు.

పొద్దెక్కేసరికి ఒక ముసలాయన వచ్చాడు. అప్పకి చిన్నమావ వరస. కాస్త చెవుడు. వస్తూ వస్తూ అప్ప కొట్లో ఒక ఎర్ర ఉండ కొనుక్కున్నాడు. గుమ్మం దగ్గర మేనల్లుడు ఆయన చెవిలో గట్టిగా అరిచాడు.

"తాతా! మన ఓటు ఎర్రది! ఎర్రది ఎర్రదాన్లో ఏసీ! అర్థమయిందా? ఎర్రది, ఎర్రదాన్లో!"

"ఎర్రది ఎర్రదాన్లో" అని తాత తలూపి లోపలికి వెళ్లాడు. చాలాసేపు రాలేదు. తెర వెనక ఏదో మూలిగిన చప్పుడు. తర్వాత చెయ్యి కండువాకి తుడుచుకుంటూ బయటికి వచ్చి, "ఏసీసినాను బాబూ. కానీ ఆ పెట్టె నోరు మరీ సిన్నది" అన్నాడు.

ఆ వెంటనే వెళ్లిన రైతు కాగితం పట్టుకునే తిరిగి వచ్చాడు. "ఆపీసరు బాబూ! ఎర్రపెట్టె నోట్లో ఏటో ఉంది. మూసుకుపోనాది!"

అందరం పరుగెత్తాం. పెట్టె నోటి నిండా ఎర్రగా, మెత్తగా, బెల్లం కారుతూ ఓటుండ. సగం లోపల, సగం బయట. జీడిపప్పు బద్ద మాత్రం చెక్కుచెదరకుండా పైన కూర్చుంది. అప్పుడే చీమల బారు ఒకటి గోడ దిగి వస్తోంది.

ఆఫీసరు పుస్తకం తెరిచాడు. తిప్పాడు. మళ్లీ మొదటి నుంచి తిప్పాడు. "దీంట్లో మిఠాయి లేదు" అన్నాడు నీరసంగా.

మేనల్లుడు ఒక్క గెంతు గెంతాడు. "ఇది ఆ ఓటికుండ పని! మా పెట్టె నోరు మూయించడానికే రంగులేసి అమ్మింది. మందు పెట్టి ఉంటుంది. ఆ చెయ్యి తగిలిన పెట్టె గెలుస్తుందా? కలెక్టరుకి అర్జీ పెడతాం. ముందు ఆ కొట్టు పీకించండి!"

జనం చేరారు. నిన్నటిదాకా ఆకులు నాకినవాళ్లు, ఇప్పుడు మైల గుర్తొచ్చి ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. ఆ ఒక్క మాట నిలిచిందంటే కొట్టు పోతుంది. కొట్టుతో పాటు మాఘమాసంలో లడ్డూ ఆశ కూడా పోతుంది. ఇన్నాళ్లు అపశకునం అన్నవాళ్లకి ఇప్పుడు సాక్ష్యం దొరికినట్టే. అప్పని పిలిపించారు. గుమ్మం బయట నిలబడి చేతులు తుడుచుకుంటోంది.

"ఇది నువ్వు చేసిందేనా?" అన్నాడు ఆఫీసరు, పెట్టె గుమ్మం దాకా తెప్పించి.

ఆవిడ వంగి చూసింది. "వేలిగుర్తు నాదే బాబూ. పెట్టెలో నేను పెట్టలేదు. నాకు ఓటేది, లోపలికి రావడానికి?"

"మరి పెట్టింది ఎవరు?"

"నానే!" అన్నాడు తాత గర్వంగా. ఈ గొడవంతా తనని మెచ్చుకోవడానికని ఆయన అనుకుంటున్నాడు. "ఈ బాబే సెప్పినాడు కదా, ఎర్రది ఎర్రదాన్లో ఏసీమని. ఏసినాను. ఓ పట్టాన ఎల్లలేదు, నొక్కి నొక్కి తోసినాను."

"అయితే నీకు ఇచ్చిన కాగితం ఏదయ్యా?"

తాత తలపాగా విప్పాడు. లోపల మడత పెట్టి కాగితం. "సర్కారు కాయితం కదా బాబూ. ఇంటి కాడ పనికొత్తాదని దాసినాను."

స్కూలు పైకప్పు ఎగిరిపోయేలా నవ్వు. ఆఫీసరు పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు గానీ పుస్తకం ఊగిపోతోంది. అప్ప భుజాలు ఎప్పటి నుంచి కదులుతున్నాయో! మేనల్లుడు మాత్రం నవ్వలేదు. ఎర్రది ఎర్రదాన్లో వెయ్యమన్నది తనే కదా.

కొబ్బరి ఈనెతో ఉండని గోకి తీశారు. తాత తన కాగితం ఈసారి సక్రమంగా వేసి వచ్చాడు. "మరి నా ఉండో?" అని అడిగితే అప్ప ఇంకొకటి ఇచ్చింది. మేనల్లుడు పోతూ పోతూ అందరికీ వినబడేలా అన్నాడు: "సూడండి, ఓటికుండ సెయ్యి తగిలిన పెట్టె గెలిత్తాదేమో సూడండి!"

గెలిచింది.

టెక్కలిలో పెట్టెలు తెరిచిన రోజు నేనక్కడే ఉన్నాను. ఎర్రపెట్టె మూత తియ్యగానే ఓట్ల కన్నా ముందు చీమలు బయటికొచ్చాయి. ఒకదానికొకటి అంటుకుపోయిన కాగితాలని గుమాస్తా ఊదుకుంటూ విడదీశాడు. ఊది ఊది లెక్క పెడితే బుగత గారికే ఎక్కువ. నా వకీలు ఓడిపోయాడు. ఆ బాధ బాధే. కానీ తిరిగి వచ్చే దారంతా ఎడ్లబండిలో నాకు నేనే నవ్వుకున్నాను. విధవ చెయ్యి తగిలిన పెట్టె ఓడుతుందని ఊరందరి ముందు పందెం కట్టినట్టు అన్నవాడి మాట, వాడి మేనమామ గెలుపుతోనే కూలిపోయింది! వాదంలో ఇంత శుభ్రమైన ఓటమి ఏ ప్రత్యర్థికైనా నేను ఇవ్వగలిగానా?

అప్ప నన్ను చూడగానే తెల్ల ఉండ చేతిలో పెట్టింది. "నీ పచ్చోడు పోనాడట కదా. తిను. పైసారి సూసుకుందువులే."

మూఢవిశ్వాసం చచ్చిపోతుందనుకున్నాను. అది చావలేదు, అంగీ తిరగేసి తొడుక్కుంది. మర్నాడు బుగత గారి ఇంటి బండి వచ్చి కొట్టు ముందు ఆగింది. దిగింది ఎవరనుకున్నారు? అప్పని చూసి బండి వెనక్కి తిప్పించే ఆ తల్లే.

"ఒలే అమ్మీ, గెలుపు పండక్కి ఓటుండలు గావాల. బాగా ఎక్కువ సెయ్యి. నీది మంచి సెయ్యి. నీ సెయ్యి తగిలింది కాబట్టే మావోడు గెలిసినాడు."

అప్ప చేతులు కడుక్కుంటోంది. తల ఎత్తలేదు.

"ఉండలు సేత్తాను తల్లీ. ఎర్రవే కదా, సేత్తాను. కానీ నా సెయ్యి మంచిదీ కాదు, సెడ్డదీ కాదు. కడిగిన సెయ్యి. అంతే."

నేను స్కూలు గుమ్మంలో నిలబడి విన్నాను. చాలా పుస్తకాలు చదివాను, చాలా సభల్లో తీర్మానాలు రాశాను. నేను చెప్పదలుచుకున్నదంతా ఆ మూడు మాటల్లో ఉంది.

అసలు పరీక్ష ఇంకా ఉంది. గెలిచిన చెయ్యి అన్న పేరు ఊరంతా పాకింది. ఒక సాయంత్రం ఆవిడ మరిది కొట్టు ముందుకి వచ్చి, నేల చూస్తూ నిలబడ్డాడు. మంచివాడే. భయస్థుడు.

"వదినా, ఇచ్చాపురానికి కబురంపడం మానేత్తాను. గుంట పెళ్లికి లడ్డూలు నువ్వే సుట్టు. ఇప్పుడు ఎవులూ ఏటీ అనరు. నీ సెయ్యి కలిసొచ్చిన సెయ్యని అందరూ అంటన్నారు."

ఆవిడ కోరుకున్నది చేతికి అందింది. నేనైతే వెంటనే ఒప్పుకునేవాణ్ణి. మీరైనా ఒప్పుకునేవారు. అప్ప పీట జరిపి కూర్చోమంది. ఆకులో ఒక ఉండ పెట్టింది.

"కలిసొత్తాదని అయితే నేను సుట్టను మరిదీ. రేపు గుంటకి జొరమొత్తే మళ్లీ నా సెయ్యే అంటారు. తిను. తిని సెప్పు."

అతను వదిన చేతి తీపి అన్నగారు పోయినప్పటి నుంచీ తినలేదు. ఒకే ఇంట్లో ఉంటూ, ఊరంతా ఓటుండలు తిన్నప్పుడు కూడా తినలేదు. ఉండ కేసి చూశాడు. నా కేసి చూశాడు. నేను నోరు మూసుకున్నాను. జీవితంలో చాలా కష్టపడి చేసిన పని అది. అతను నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"బాగుంది వదినా" అన్నాడు. "అన్న బతికున్నప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంది."

"అదీ మాట. బాగుంది కాబట్టి సుడతాను. పెరట్లో కాదు, పందిట్లో."

మాఘమాసంలో పందిట్లోనే చుట్టింది, లడ్డూల పక్కన ఓటుండలు కూడా. తాటాకు పందిరి కింద, అందరూ చూస్తుండగా, పెళ్లికూతురు పక్కనే పీట. పురోహితుడు గొంతు సవరించుకున్నాడు. నేనూ సవరించుకున్నాను. పెళ్లికూతురు మా ఇద్దరికీ అవకాశం ఇవ్వలేదు. "పెద్దమ్మా, ఆకలేత్తంది" అంది. అప్ప మొదటి ఉండ ఆ పిల్ల నోట్లో పెట్టింది. మంత్రానికి ముందే! పిల్ల బుగ్గ ఉబ్బి, దానిలోంచి ఏదో చెప్పబోయి పొరబోయింది. పందిరంతా నవ్వింది. పురోహితుడు కూడా నవ్వి, అటూ ఇటూ చూసి, ఆకు చాచాడు. ఆయనకి ఉండ చుడుతూ అప్ప ఆయన మొహం కేసి చూసింది. చాలా గట్టిగా నొక్కి చుట్టింది. ఆ పెళ్లిలో మంత్రాలు ఆలస్యంగా మొదలయ్యాయి.

ఆవిణ్ణి తలుచుకుంటే నాకు ఆ గట్టి ఉండే గుర్తొస్తుంది. ఏడుపు రాదు. ఆవిడ జ్ఞాపకంలో ఏడుపుకి చోటు లేదు.

పలాస స్టేషన్లో ఆ బుట్టమనిషి తెలియక అన్నాడు. వాణ్ణి నేను తప్పు పట్టను. మీకు మాత్రం ఇప్పుడు తెలుసు. ఓటుండ పెళ్లి పందిట్లోకి వచ్చింది, దాన్ని కనిపెట్టిన మనిషి లాంటి మనుషులు మాత్రం ఇంకా పెరట్లోనే ఉన్నారు. మీ ఇంట్లో కూడా ఒకరున్నారు. మీ మేనత్తో, వదినో, అక్కో. పెళ్లి వంటల రోజు వెనక గదిలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. ఈ మాఘంలో ఆ గది తలుపు తియ్యండి. చెయ్యి పట్టుకుని పందిట్లోకి తీసుకురండి. పీట వెయ్యండి, పాకం ముందు పెట్టండి, మొదటి ఉండ ఆవిడ చేతే చుట్టించి అందరికన్నా ముందు మీరు నోట్లో వేసుకోండి. శాస్త్రం నాకు చెప్పొద్దు, శకునం చెప్పొద్దు.

తిని చెప్పండి.